కారు స్టీరియో వేయించుకునేవాళ్లు జాగ్రత్త: నల్ల గీత ఉన్న వైరల్లా ఎర్త్ కాదు

షాపు పేరు రాయను. బెజవాడలో కారు సెట్లు వేయించుకునేవాళ్లకి ఏ షాపో చెప్పక్కర్లేదు కూడా. ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది కాబట్టి నేరుగా విషయానికి వస్తున్నా.

నాన్న పాత వ్యాగనార్‌కి కొత్త స్టీరియో కొన్నాం. పన్నెండు వేలు, ఫిట్టింగ్ వాళ్లదే, ఏడాది వారంటీ. ఇంటికి వచ్చేసరికే పాట వస్తూ ఆగుతూ ఉంది, సెట్టు వెనక చెయ్యి పెడితే చురుక్కుమంటోంది. ఫోన్ చేస్తే 'కొత్తది కదండీ, సెట్ అవుతుంది' అన్నారు. ఆ వారంలోనే నాలుగు స్పీకర్లూ మూగబోయాయి, డిస్‌ప్లే మాత్రం చక్కగా వెలుగుతోంది.

కారు తీసుకెళ్లాం. ఫిట్టింగ్ చేసిన కుర్రాడే సెట్టు బయటికి లాగాడు. వెనక చూస్తే కారు వైపు ప్లాస్టిక్ కప్లర్ (వైర్లన్నీ ఒకేచోట గుచ్చే ప్లగ్గు) కోసి పారేశారు, వైర్లన్నీ చేత్తో మెలిపెట్టి నల్ల టేపు చుట్టారు. టేపు విప్పాక కనిపించింది అసలు పని. తెలుపు మీద నల్ల గీత, బూడిద మీద నల్ల గీత, ఆకుపచ్చ మీద నల్ల గీత, ఊదా మీద నల్ల గీత, ఈ నాలుగూ అసలు నల్ల వైరుతో కలిపి ఒకే కట్టగా మెలిపెట్టి బాడీ బోల్టుకి, అంటే ఎర్త్‌కి, బిగించేశారు. పసుపు, ఎరుపు రెండూ కలిపి నేరుగా బ్యాటరీ కరెంటుకి ఇచ్చారు, అంటే బండి ఆపి తాళం తీసేసినా సెట్టుకి కరెంటు వెళ్తూనే ఉంటుంది.

'ఇవన్నీ బాడీకి ఎందుకు కట్టారు?' అని అడిగా. ఓనరు లోపలి నుంచి వచ్చి 'నలుపంటే ఎర్తే కదండీ, ఇరవై ఏళ్లుగా చేస్తున్నాం' అన్నాడు. సెట్టు పైన అంటించి ఉన్న వైరింగ్ బొమ్మ చూపించా. ఆ నాలుగూ స్పీకర్ల మైనస్‌లు, ఎర్త్ కాదు అని అందులో స్పష్టంగా ఉంది. పాతకాలం సెట్లలో కొన్నిటికి స్పీకర్ మైనస్ బాడీకే ఉండేది, నిజమే. ఇప్పటి సెట్లలో అలా కాదు. స్పీకర్‌కి వెళ్లే రెండు వైర్లలోనూ బ్యాటరీ వోల్టేజీలో సగం, దాదాపు ఆరు వోల్టులు ఉంటుంది. అందులో ఒకదాన్ని బాడీకి తగిలిస్తే లోపలి ఆంప్లిఫయర్ ఐసీ (స్పీకర్లని నడిపే చిప్పు) షార్టయి వేడెక్కుతుంది, ప్రొటెక్షన్ ఉన్నంతసేపు ఆగి ఆగి పాడుతుంది, చివరికి పోతుంది. మా సెట్టుకి సరిగ్గా అదే జరిగింది.

ఇక్కడిదాకా తెలియక చేశారు అనుకుని ఊరుకునేవాణ్ణి. పని రాని కుర్రాడు తప్పు చేస్తాడు, సరిచేసి ఇస్తే సరిపోయేది. ఆ తర్వాత జరిగిందే నాకు మింగుడు పడటం లేదు. సెట్టు పక్కన ఫిట్టింగ్ రోజు వాళ్లే తేదీ రాసి అంటించిన చిన్న స్టిక్కరు ఉంది. ఓనరు సెట్టు చేతిలోకి తీసుకుని, నాతో మాట్లాడుతూనే, బొటనవేలి గోరుతో ఆ స్టిక్కరు అంచు గీకాడు. కాస్త కాస్తగా లేపాడు. మొత్తం ఊడి వచ్చాక దాన్ని ఉండ చుట్టి కింద పడేసి 'మా స్టిక్కరు ఏదండీ ఇందులో? మీరే బయట ఎవరితోనో కెలికించారు, వారంటీ రాదు' అన్నాడు. మా కళ్ల ముందే! నాన్న 'ఏం బాబూ, నువ్వే కదా ఇప్పుడు పీకావు' అన్నారు. దానికి వాడు నాన్న వైపు కూడా చూడకుండా 'పెద్దాయనా, కారు పక్కకి తీయండి, వెనక బండి వస్తోంది' అన్నాడు. ఆ కుర్రాడు తల వంచుకుని టేపు చుడుతున్నాడు. నాన్నకి డెబ్భై ఏళ్లు, ఎవరితోనూ గొంతు పెంచి మాట్లాడని మనిషి. దారి పొడవునా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. సెట్టు డబ్బుల కన్నా నాకు అదే ఎక్కువ బాధ.

ఇంకోటి కూడా ఉంది. 'ప్యూర్ కాపర్' అని విడిగా డబ్బు తీసుకుని వేసిన స్పీకర్ కేబుల్‌ని ఇంటికొచ్చాక బ్లేడుతో గీకి చూశా. పైన రాగి పూత, లోపల తెల్లగా అల్యూమినియం.

వేయించుకోబోయేవాళ్లకి నాకు తెలిసింది చెప్తా. సెట్టు వైపు రంగులు దాదాపు అన్ని కంపెనీలకీ ఒకటే. పసుపు ఎప్పుడూ ఉండే బ్యాటరీ కరెంటు, ఎరుపు తాళం తిప్పితే వచ్చేది, నలుపు ఎర్త్, నీలం మీద తెల్ల గీత విడి ఆంప్లిఫయర్‌ని ఆన్ చేసేది. స్పీకర్లకి తెలుపు ముందు ఎడమ, బూడిద ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి, నల్ల గీత ఉన్నది దాని మైనస్. కారు వైపు రంగులు మాత్రం ఏ కంపెనీవి ఆ కంపెనీవి, రంగుకి రంగు కలిపితే కొంప మునుగుతుంది. మీ మోడల్‌కి సరిపోయే కప్లర్ దొరుకుతుంది, అది కొనిపించండి, ఒరిజినల్ కప్లర్ కొయ్యనివ్వకండి. పసుపు వైరుకి ఉండే ఫ్యూజు తీసేసి డైరెక్ట్ చేస్తామంటే అసలు ఒప్పుకోవద్దు, షార్టయితే వైరే తగలబడుతుంది. డ్యాష్‌బోర్డ్ మూసేముందు వైర్లకీ స్టిక్కరుకీ ఫోటో తీసి పెట్టుకోండి.

బిల్లు నా దగ్గరే ఉంది. కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు పెట్టాను. ఇక్కడ ఇంకెవరికైనా వారంటీ స్టిక్కరు ఇలాగే పీకేసి ఉంటే కింద రాయండి, బిల్లు ఉంటే మీరూ ఫిర్యాదు పెట్టండి.