దాబా మీది చేపలకు చలికాలం: హీటరు, స్పాంజి, థర్మాకోల్ ఏండ్లుగా వాడి చూశాక

నల్గొండలో దాబా మీద టబ్బులు పెట్టి చేపలు పెంచుకునేవాళ్లు చలికాలం వస్తుందనగానే కొనేది హీటరు. నా లెక్కలో అది నాలుగో వస్తువు. ముందు థర్మామీటరు, దాని వెనక స్పాంజి ఫిల్టరు, ఆ వెనక థర్మాకోల్ షీట్లు. ఇవేవీ లేకుండా ఒక్క హీటరు పడేస్తే కరెంటు కాలుతుంది గాని చేప నిలుస్తుందన్న భరోసా ఉండదు. ఎన్నో ఏండ్లుగా దీపావళి వెళ్లాక గప్పీ, మోలీ అనే చిన్న రంగు చేపలను, కొన్ని నీటి మొక్కలను కింది గదిలోకి దించి, శివరాత్రి దాటాక మళ్లీ పైకి చేరుస్తున్నాను. ఈ నడుమ కొన్ని వస్తువులు పాడయ్యాయి, కొన్ని ఇప్పటికీ నడుస్తున్నాయి. వాటి సంగతే రాస్తున్నాను.

"మన దగ్గర మంచు పడదు కదా, చేపలకు చలేంది?" అని చాలామంది అడుగుతారు. మంచు పడని మాట నిజమే. కానీ పుష్యమాసంలో తెల్లారుజామున దాబా మీద గాలి 13, 14 డిగ్రీలకు దిగుతుంది. ఒక్కో ఏడు ఇగం ఇంకా గట్టిగా పెడుతుంది. అదే దాబా మీద మధ్యాహ్నానికి 29, 30 డిగ్రీలు. ఇరవై, ముప్పై లీటర్ల చిన్న టబ్బులో నీళ్లు కూడా దాంతోపాటే ఎక్కి దిగుతాయి: పగలు 27, పొద్దున 16. గప్పీకి హాయిగా ఉండేది 22 నుంచి 28 డిగ్రీల నడుమ. ఒక్క పూట 18కి దిగినంత మాత్రాన చావదు. రోజూ పది డిగ్రీలు ఎక్కుతూ దిగుతూ ఉంటే మాత్రం రోగాన్ని తట్టుకునే శక్తి పోతుంది. ముందు రెక్కలు ముడుచుకుని అడుగున నిలబడుతుంది. మేత వేస్తే పైకి రాదు. ఆ తరువాత ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు లేస్తాయి.

మా తమ్ముడు అమెరికాలోని మిషిగన్‌లో ఉంటాడు. వాళ్ల పెరట్లో చిన్న కొలను, అందులో కోయి చేపలు. అక్కడి చలి లెక్కే వేరు. నీళ్లు 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటాయి కాబట్టి ఆ నీరు అడుక్కు చేరుతుంది, మంచుగడ్డ పైన కడుతుంది. లోతున్న కొలనులో కోయి, గోల్డ్‌ఫిష్ ఆ అడుగు నీళ్లలో మెదలకుండా చలికాలం వెళ్లదీస్తాయి. నీళ్లు 10 డిగ్రీల కిందికి పోతే మేత బందు, తిన్నది అరగదు. పైన గడ్డ పూర్తిగా మూసుకుపోతే కుళ్లిన ఆకుల గ్యాసు బయటికి పోలేదు, ఆక్సిజన్ లోపలికి రాదు. అందుకని గడ్డలో ఒక బొక్క మూసుకుపోకుండా ఉంచే చిన్న హీటరు పెడతారు. కొలను లోతు చాలనివాళ్లు చేపలను ఇంటి కింద బేస్‌మెంటులో పెద్ద టబ్బులోకి మారుస్తారు. మావాడూ అదే చేస్తాడు. ఫోనులో వాడన్న ఒక మాట నాకు బాగా పనికొచ్చింది. "అన్నా, బేస్‌మెంటుల వేడేం ఉండదే. పగలూ రాత్రీ ఒక్క తీరుగ ఉంటది, అంతే." నేను ఇక్కడ చేసేదంతా ఆ ఒక్క తీరు కోసమే.

అందుకే అన్నిటినీ దించను. గోల్డ్‌ఫిష్ పైనే ఉంటాయి. మన చలి వాటికి చలే కాదు, ఆ నెలల్లోనే చురుగ్గా తిరుగుతాయి. చల్లటి నీళ్లలో ఆక్సిజన్ ఎక్కువ కరుగుతుంది మరి: 30 డిగ్రీల దగ్గర లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములైతే, 15 డిగ్రీల దగ్గర పది దాకా పడుతుంది. వాటికి అసలు గండం మన మే నెల. పెద్ద సిమెంటు గోలెంలో, గోడ నీడన ఉన్న మామూలు గప్పీలను కూడా కదిలించను. మూడు నాలుగు వందల లీటర్ల నీళ్లు అంత తొందరగా చల్లారవు, అంత తొందరగా వేడెక్కవు. దించాల్సింది చిన్న టబ్బుల్లో ఉన్నవాటిని, రంగుల కోసం తెచ్చుకున్న మేలురకం గప్పీలను, మోలీలను, కడుపుతో ఉన్న ఆడచేపలను.

ఇక వస్తువులు. స్పాంజి ఫిల్టరుకు మాత్రం పూర్తి మార్కులు వేస్తాను. చిన్న ఎయిర్ పంపు గాలిని గొట్టంలోంచి తోస్తుంది, ఆ ఊపుకు నీళ్లు స్పాంజిలోంచి లోపలికి లాగబడతాయి. ఆ స్పాంజి రంధ్రాల్లో ఉండే బ్యాక్టీరియానే అసలు ఫిల్టరు. చేపల మలం నుంచి, మిగిలిన మేత నుంచి పుట్టే అమ్మోనియాను అది నైట్రైటుగా, తరువాత నైట్రేటుగా మారుస్తుంది. దుకాణం నుంచి తెచ్చిన కొత్త స్పాంజిలో ఆ బ్యాక్టీరియా ఉండదు. స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, నీళ్లు చల్లగా ఉంటే ఇంకా ఎక్కువే. కాబట్టి నేను బతుకమ్మ రోజుల్లోనే, నీళ్లు వెచ్చగా ఉండగానే, స్పాంజిని పైన టబ్బులో పెట్టి నడిపిస్తాను. దీపావళి తరువాత చేపలతోపాటు ఆ గోధుమరంగు పట్టిన స్పాంజి కూడా, తడి ఆరకుండా, అదే నీళ్ల బకెట్టులో కిందికి దిగుతుంది. కింది టబ్బులో సగం పాత నీళ్లే పోస్తాను. చేప దృష్టిలో మారింది గది ఒక్కటే, మిగతాదంతా దానికి తెలిసిందే. ఇట్లా దించిన గప్పీలు ఆ రెండో రోజే మేతకు పైకి వస్తాయి.

స్పాంజి కడిగేటప్పుడు కుళాయి కింద పెట్టొద్దు, క్లోరినుకు బ్యాక్టీరియా చచ్చిపోతుంది. టబ్బులోంచి ఒక మగ్గు నీళ్లు తీసి అందులోనే మెల్లగా పిసకాలి. తెల్లబడేదాకా పిండనక్కర లేదు. పంపు లాగేది మూడు నాలుగు వాట్లే కాబట్టి ఇన్వర్టరు మీద రాత్రంతా నడుస్తుంది. దాన్ని నీటిమట్టం కన్నా ఎత్తులో పెట్టాలి, లేదంటే కరెంటు పోయినప్పుడు నీళ్లు గొట్టంలోంచి వెనక్కి పంపులోకి వస్తాయి. లోపలి రబ్బరు ముక్క కొన్నాళ్లకు అరిగి గాలి తగ్గుతుంది. హైదరాబాద్ పోయినప్పుడు ఆ ముక్క ఒక్కటే తెచ్చుకుని మారుస్తాను, పంపు మొత్తం కొనే పని లేదు.

థర్మాకోల్ గురించి ఎవరూ చెప్పరు, అంత చవక వస్తువు కాబట్టేమో. మా గదిలో షాబాదు బండలు. చలికాలం వాటి మీద ఉత్త కాళ్లతో నిలబడలేం, టబ్బుకైనా అదే బాధ. టబ్బు కింద రెండంగుళాల షీటు, చుట్టూ ఒక వరస, పైన గాలికి సందు వదిలి సగం మూత. ఇది చేశాక హీటరు వెలిగే సమయం కంటికి కనిపించేంత తగ్గింది. మందం తక్కువ షీటు టబ్బు బరువుకు నలిగిపోతుంది, గట్టి రకమే తీసుకోవాలి.

హీటరు దగ్గర కొంచెం నిలబడి చెప్పాలి. లీటరుకు ఒక వాటు అన్నది మామూలు లెక్క. మా వంద లీటర్ల టబ్బుకు వంద వాట్ల గాజు హీటరు. గది ఎట్లాగూ 20 డిగ్రీల కిందికి పెద్దగా పోదు కాబట్టి అది చాలు. నేను 24 దగ్గర ఉంచుతాను. 28 పెడితే చేపలు ఎక్కువ తింటాయి, నీళ్లు తొందరగా చెడతాయి, కరెంటు పోయిన రాత్రి దిగే డిగ్రీలూ ఎక్కువవుతాయి. రాత్రంతా కలిపి ఏడు గంటలు వెలిగినా 0.7 యూనిటు, బిల్లులో భారం కాదు.

నా ఫిర్యాదు ఆ గాజు గొట్టం లోపల, వేడిని బట్టి వెలిగించి ఆర్పే థర్మోస్టాటు మీద. పైన చక్రం మీద 24 అని ఉంటుంది, నీళ్లలో థర్మామీటరు 27 చూపిస్తుంది. దాని కన్నా పెద్ద తప్పు, మొదట కొన్న హీటరు ఒక రాత్రి ఆరిపోకుండా వెలుగుతూనే ఉండిపోయింది. లోపలి స్విచ్చు అతుక్కుపోయింది. తెల్లారి చూస్తే నీళ్లు 33. మోలీలు కొన్ని పోయాయి. కొన్న దుకాణంలో అడిగితే, నీళ్లలో వేశాక గ్యారంటీ లేదన్నారు. నీళ్లలో వేయడానికే చేసిన వస్తువుకు ఆ జవాబు నాకిప్పటికీ మింగుడు పడదు.

అప్పటి నుంచి విడిగా ఒక టెంపరేచర్ కంట్రోలరు వాడుతున్నాను. దాని సెన్సారు తీగ నీళ్లలో ఉంటుంది, హీటరు ప్లగ్గు కంట్రోలరులో ఉంటుంది. 23.5కు దిగితే వెలిగించి 24.5కు ఎక్కితే ఆర్పేలా పెట్టాను. హీటరు మీది చక్రాన్ని కొంచెం పైన, 26 దగ్గర, ఉంచుతాను. ఒకటి చెడినా రెండోది ఆపుతుంది. సెన్సారు తీగ నీళ్లలోంచి బయటికి జారకుండా క్లిప్పు వేయండి. జారితే బయటి చల్లగాలినే చూసి కంట్రోలరు హీటరును ఆర్పదు. నీళ్లు మార్చే ముందు ప్లగ్గు తీసి పావుగంట ఆగాలి. వేడి గాజు గాలికి తగిలినా, వెంటనే చల్లటి నీళ్లు పడినా పగులుతుంది. తీగ ప్లగ్గు కన్నా కిందికి వేలాడి పైకి పోవాలి, అప్పుడు కారిన చుక్క ప్లగ్గులోకి పోదు. ఎర్తింగు సరిగ్గా లేని ఇంట్లో హీటరు పెట్టకపోవడమే మేలు.

మా బోరు నీళ్లకు గాజు మీద తెల్లటి పెచ్చు కడుతుంది. అది మందమయ్యే కొద్దీ వేడి నీళ్లలోకి సరిగ్గా పోదు. ప్లగ్గు తీసి, చల్లారాక, నిమ్మరసంలో కాసేపు ఉంచి తుడిస్తే వస్తుంది. నకిరేకల్ నిమ్మ మార్కెట్టు పక్కనే పెట్టుకుని దీనికి వేరే మందు కొనాల్సిన పని లేదు.

బోరు నీళ్లలో ఇంకో కిటుకు ఉంది. ఉప్పదనం, గట్టితనం గప్పీలకు, మోలీలకు మంచిదే, అవి అట్లాంటి నీళ్లనే ఇష్టపడతాయి. కానీ పొద్దున్నే మోటరు వేస్తే వచ్చేవి వెచ్చటి నీళ్లు. చల్లారిన టబ్బులో వాటిని నేరుగా పోస్తే చేపకు దెబ్బే. కుళాయిలో వచ్చే కృష్ణా నీళ్లయితే క్లోరిను. ఏవైనా సరే ముందు రోజే డ్రమ్ములో పట్టి అదే గదిలో ఉంచుతాను, థర్మామీటరు రెండింటిలోనూ ఒక్క అంకె చూపించాకే పోస్తాను. బోరు నీళ్లకు పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత) ఎక్కువ, పీహెచ్ ఎక్కువైతే అమ్మోనియా విషం ఎక్కువ. అందుకని గదిలో ఉన్నన్ని నాళ్లు మేత సగమే.

ఇంట్లోకి దించేవాళ్లు తప్పకుండా చూసుకోవాల్సింది దోమల మందు. గోడకు పెట్టే లిక్విడ్లు, కాయిల్స్, స్ప్రేలు, వీటిలో చాలావాటిలో ఉండే పైరిథ్రాయిడ్ మందులు మనిషికి పెద్దగా హాని చేయని మోతాదులోనే చేపను చంపుతాయి. పైగా ఎయిర్ పంపు ఆ గదిలోని గాలినే పీల్చి నేరుగా నీళ్లలోకి పంపుతుంది. చేపలున్న గదిలో మేం దోమతెర కట్టుకుంటాం. వీధిలో దోమల పొగ కొట్టే బండి వచ్చిందంటే కిటికీలు మూసి పంపు ఆపుతాం, వాసన పోయాకే మళ్లీ వేస్తాం.

మొక్కల్లో తామరను ముట్టుకోను. పగటి వేళలు తగ్గగానే ఆకులు పసుపెక్కి దుంప బురదలో పడుకుంటుంది, పైన నీళ్లు నిలిచి ఉంటే చాలు. చెరువు నుంచి తెచ్చిన తెల్ల కలువ, ఎర్ర కలువ కూడా అంతే. నర్సరీలో కొన్న నీలం రకాలు చిన్న కుండీల్లో ఉంటే మాత్రం చలికి కుళ్లుతాయి. ఆకులు చిన్నబడ్డాక తవ్వి, కింద ఏర్పడిన గట్టి దుంపను కడిగి, తడి ఇసుకలో డబ్బాలో పెట్టి గదిలోనే ఉంచుతాను. హార్న్‌వర్ట్ అనే నీటి మొక్క గదిలోకి రాగానే సూదుల్లాంటి ఆకులు రాల్చి నీళ్లంతా చెత్త చేస్తుంది. దానికన్నా వాలిస్నేరియా నయం. లైటుకు తెల్ల ఎల్‌ఈడీ, రోజుకు ఎనిమిది గంటలు, అంతే. ఖరీదైన మొక్కల లైట్లు కొన్నాళ్లు వాడాను, నాచు తప్ప అదనంగా పెరిగిందేమీ లేదు.

తెల్లచుక్క వస్తే మందుకు ముందు దొడ్డుప్పు. చుక్కలున్న చేపలను వేరే బకెట్టులోకి మార్చి లీటరుకు రెండు గ్రాముల ఉప్పు, రెండు మూడు విడతలుగా. రెండో హీటరుతో నీళ్లను మెల్లగా 29 దాకా తెస్తాను. ఒంటి మీద చుక్కలో ఉన్నన్నాళ్లు ఈ రోగం తెచ్చే పురుగు మీద మందు పనిచేయదు, బయటపడి నీళ్లలో ఈదేటప్పుడే చస్తుంది. వేడి పెంచితే అది తొందరగా బయటపడుతుంది. చుక్కలు పోయాక కూడా ఇంకో వారం ఆపకూడదు. మొక్కలున్న టబ్బులో ఈ ఉప్పు వేయొద్దు.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు గాని నేను పంచాంగం కన్నా థర్మామీటరునే నమ్ముతాను. పైన గోలెంలో తెల్లారి నీళ్లు వరుసగా వారం రోజులు 22 దాటితేనే చేపలు మెట్లెక్కుతాయి. ఆలస్యం చేసినా కష్టమే, మార్చి నెలాఖరుకే ఎండ మొదలవుతుంది. నీలం కలువ దుంపను అప్పుడే కుండీలో పెట్టి, మొదటి పదిరోజులు గ్రీన్ నెట్ నీడలో ఉంచుతాను. ఈసారి కొత్తగా కొనేవి రెండు స్పాంజీలు, ఒక థర్మామీటరు. హీటరు పాతదే నడుస్తోంది, కంట్రోలరు దాని మెడ మీద ఉన్నంతకాలం నడవనిస్తాను.