ఆంప్ నాబ్, నా కుడి చెవి

మూడేళ్లుగా మ్యూజిక్ ప్లేయర్ వెనక రెండు రబ్బరు బ్యాండ్లతో కట్టుకుని తిరుగుతున్న ఆంప్ ఇది, అంటే హెడ్‌ఫోన్స్‌కి సౌండ్ పెంచి ఇచ్చే చిన్న డబ్బా. దీని మీద నాకున్న కోపమంతా వాల్యూమ్ నాబ్ దగ్గరే ఉంది.

మొదటి రెండేళ్లూ ఇంట్లోనే, సెన్‌హైజర్ హెచ్‌డి 600తో వాడాను. అవి 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్స్, అంటే నడపడానికి కాస్త బలం కావాల్సినవి. నా ప్లేయర్ ఒక్కటే వాటిని తోయలేక నీరసపడేది. ఆంప్ తగిలించాక మృదంగం దెబ్బకి దెబ్బ విడివిడిగా వినిపించింది. ఇది లేకపోతే పాటే కాదని కనిపించిన వాళ్లందరికీ చెప్పాను కూడా.

నిరుడు నాకు లాడ్జిలో రాత్రి డ్యూటీ పడింది, తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర. ఆ హెడ్‌ఫోన్స్ ఓపెన్ బ్యాక్, లోపలి పాట బయటికి వినిపిస్తుంది. కౌంటర్లో కుదరదని ఇయర్‌ఫోన్స్‌కి మారాను. రాత్రి రెండింటికి కూడా గుండుకి చందనం పూసుకుని ఎవరో ఒకరు వచ్చి "సామీ, రూముందా?" అంటారు. అందుకని పాట సన్నగానే పెట్టుకుంటాను. నాబ్‌ని గడియారం ముల్లనుకుంటే, ఏడు దగ్గర మొదలయ్యేది ఎనిమిది దాటదు.

అలా ఒక రాత్రి అన్నమయ్య కీర్తన వింటుంటే పాడేవాడు మధ్యలో లేడు, ఎడమ పక్కకి జరిగి కూర్చున్నాడు. తంబూరా కూడా ఆయన వెంటే పోయింది. మా నాన్నకి కుడి చెవి వినికిడి బాగా తగ్గింది. నాకు ఇప్పుడే మొదలైందా అని ఒకటే టెన్షన్. వారం ఓపిక పట్టి చెవి డాక్టర్ దగ్గరికి వెళ్లాను. గాజు గదిలో కూర్చోబెట్టి, బీప్ వినపడితే బటన్ నొక్కమన్నారు. చివరికి గ్రాఫ్‌లో కుడి చెవి ఎర్ర సున్నాలూ, ఎడమ చెవి నీలం ఇంటూలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి, అంటే రెండు చెవులూ సమానమే. డాక్టర్ గారు కాగితం చూసి, "ఇయర్‌ఫోన్స్ ఎడమది కుడికి, కుడిది ఎడమకి తిప్పి పెట్టుకుని చూశారా?" అన్నారు.

చూడలేదు! మెట్ల మీదే తిప్పి పెట్టాను. పాట కుడికి వెళ్లింది. నేరుగా ప్లేయర్‌కి గుచ్చితే మధ్యలోకి వచ్చింది. దొంగ దొరికాడు. నాబ్ లోపల ఎడమకొకటి, కుడికొకటి రెండు పట్టీలుంటాయి. తిప్పడం మొదలయ్యే చోట ఆ రెండూ సరిగ్గా కలవవు, కాస్త పైకి పోతే కలుస్తాయి. హెడ్‌ఫోన్స్‌తో నాబ్ ఎప్పుడూ సగం దాకా ఉండేది కాబట్టి ఇన్నాళ్లూ బయటపడలేదు. ఆంప్ సౌండ్‌ని ఎంత పెంచాలో చెప్పే గెయిన్ స్విచ్ తక్కువలోనే పెట్టాను, అయినా ఇదీ సంగతి.

ఆంప్‌కి లైన్ అవుట్ నుంచే, అంటే ప్లేయర్ వాల్యూమ్‌తో పనిలేకుండా ఒకే స్థాయిలో వచ్చే సిగ్నల్‌నే, ఇవ్వాలని అందరూ అంటారు. నేను ప్లేయర్ మెనూలో దాన్ని మామూలు హెడ్‌ఫోన్ అవుట్‌కి మార్చి, ప్లేయర్ వాల్యూమ్ తగ్గించి, నాబ్‌ని సగానికి పెంచాను. పాడేవాడు మధ్యకి వచ్చేశాడు. నా చెవికి నష్టమేమీ తెలియలేదు. అదే ఊపులో ఆంప్‌తో, ఆంప్ లేకుండా సౌండ్ సమానంగా పెట్టి విన్నాను. ఇయర్‌ఫోన్స్‌లో ఏది ఏదో చెప్పలేకపోయాను. అంటే నేను పొగిడిందంతా 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్స్‌కే సరిపోతుంది, దాంట్లో కొంత ఉత్త సౌండ్ పెరగడం కూడా కావచ్చు.

ఇప్పుడు ఆంప్ ఇంట్లోనే ఉంటోంది. మీరూ నాలాగా ఇయర్‌ఫోన్స్‌తో సన్నగా వినేవాళ్లయితే, కొనే ముందు నాబ్‌ని అడుక్కి దించి ఒక పాట వినండి. గట్టిగా వినేవాళ్లకి ఈ గొడవ ఉన్నట్టే తెలియకపోవచ్చు.