హెవీ అల్లాయ్ బోరింగ్ బార్: కొన్నేళ్లు వాడాక చెప్తున్నా

చిన్న లేత్ మీద బోరింగ్ బార్‌తో (రంధ్రం లోపలి గోడని కోసే బిట్టుని పట్టుకునే కడ్డీ) లోతు బోర్లు తీసేవాళ్లకి చాటర్ (టూల్ అదరడం) గోల కొత్తగా చెప్పక్కర్లేదు, స్టీల్ బార్ దాని మందానికి నాలుగు రెట్లు దాటి బయటికి పెట్టామంటే కీచుమంటూ మొదలెడుద్ది, లోపల చూస్తే అంతా గీతలే. అది భరించలేక టంగ్‌స్టన్ హెవీ అల్లాయ్ రాడ్డు కొని సొంతంగా బార్ చేసుకున్నా, అప్పట్నుంచీ అదే. 16 ఎంఎం బార్ 90 ఎంఎం దాకా బయటికి పెట్టినా కిక్కురుమనదు, స్టీల్‌తో అయితే 65 దగ్గరే ఆగిపోవాలి. బరువొక్కటే కాదు కారణం, స్టీల్ కంటే ఇది ఒకటిన్నర రెట్లకి పైనే బిగువు, తొందరగా వంగదు.

ప్యూర్ టంగ్‌స్టన్ జోలికి మాత్రం పోకండి. డెన్సిటీ సీసీకి 19.3 గ్రాములు, బంగారంతో సమానం, దొంగ బంగారు బిస్కెట్లు చేసేవాళ్లకి బాగుంటుంది గానీ పెళుసు, ఇంటి లేత్ మీద అంచులు ఊడిపోతాయి. మనకి కావాల్సింది 90 శాతం పైన టంగ్‌స్టన్ ఉండి మిగతాది నికెల్‌తో పాటు ఐరనో కాపరో కలిసింది, డెన్సిటీ 17 నుంచి 18.5 వస్తుంది. తిరుచ్చి ఆయుధ ఫ్యాక్టరీలో ట్యాంకు గుండ్లకి వాడేది కూడా ఈ జాతే.

కొనడం దగ్గరే అసలు తలనొప్పి. హైదరాబాద్ బాలానగర్‌లో అడిగితే సగం మంది కార్బైడ్ (టంగ్‌స్టన్, కార్బన్ కలిసిన, కోత టూల్స్‌కి వాడే గట్టి సరుకు) చేతిలో పెడతారు. 2025 ఫిబ్రవరిలో చైనా ఎగుమతుల మీద కంట్రోల్ పెట్టాక రేటు కూడా మండిపోయింది, కాబట్టి కట్ పీసులు చూసుకోవడమే మేలు, కానీ టెస్ట్ చేయకుండా డబ్బులివ్వద్దు. కిచెన్ త్రాసు మీద గ్లాసుతో నీళ్లు పెట్టి జీరో చేసి, పీసుని దారంతో కట్టి అడుగుకి తగలకుండా పూర్తిగా ముంచండి, త్రాసు ఎన్ని గ్రాములు చూపిస్తే పీసు అన్ని సీసీలు. పీసు బరువుని దాంతో భాగిస్తే డెన్సిటీ వస్తుంది. నాకొకాయన పంపిన పీసు 14.6 తేలింది, అంటే కార్బైడ్, వాపసు తీసుకోవడానికి ఆయన పెట్టిన తిప్పలు వేరే కథ. అయస్కాంతాన్ని నమ్మొద్దు, ఐరన్ కలిసిన హెవీ అల్లాయ్ కొంచెం అంటుకుంటుంది, కోబాల్ట్ ఉన్న కార్బైడ్ కూడా అంటుకుంటుంది.

మెషినింగ్ అనుకున్నంత భయం కాదు, గ్రే కాస్ట్ ఐరన్ కోసినట్టే పొట్టు పొడిపొడిగా రాలుద్ది. కోటింగ్ లేని కే20 ఇన్సర్ట్ (కాస్ట్ ఐరన్ కోసే రకం కార్బైడ్ ముక్క), పదునైన పాజిటివ్ (సులువుగా కోసే వాలున్న) అంచు, నిమిషానికి 60 మీటర్ల స్పీడు చాలు. ఫీడ్ ఆపి టూల్ రుద్దనిస్తే మాత్రం అంచు అరిగిపోద్ది. డ్రిల్ అవతలికి వచ్చేచోట పెచ్చు లేస్తుంది, ముందే అటువైపు చాంఫర్ (ఏటవాలు అంచు) కొట్టుకోండి. బిట్టు బిగించే ఎం5 గ్రబ్ స్క్రూ (తల లేని స్క్రూ) కోసం 4.2 ఎంఎం బదులు 4.4 డ్రిల్ వేశా, థ్రెడ్ లోతు తగ్గినా పట్టు బాగానే ఉంది, ట్యాప్ (థ్రెడ్ కోసే టూల్) లోపల విరిగితే రాడ్డు డబ్బులు పోయినట్టే కదా! మాస్క్ తప్పనిసరి, నికెల్ ధూళి ఊపిరితిత్తులకి మంచిది కాదు.

కేవలం బరువు కోసమే అయితే, బ్యాలెన్స్ వెయిట్లూ గట్రా, ఇంత ఖర్చు దండగ, చోటు ఉంటే సీసం పెట్టుకోండి, దానికీ 11.34 ఉంది. బోరింగ్ బార్‌కైతే మళ్లీ కొంటా. పొట్టు మాత్రం స్టీల్ పొట్టులో కలపకుండా విడిగా డబ్బాలో దాచండి, కార్బైడ్ స్క్రాప్ కొనేవాళ్లని అడిగితే దీనికి వేరే రేటు కడతారు.