మాల్టా: పాతాళంలో పదిమంది

మాల్టాకు విమానం టిక్కెట్టు కొనే ముందే హైపోజియం టిక్కెట్టు కొనండి. నేల కింద రాతిలో తొలిచిన ప్రాచీన సమాధుల గుడి అది. మేము రెండున్నర నెలల ముందు వెతికితే మా వారంలో రెండే ఖాళీలు మిగిలాయి. గంటకు పదిమంది, రోజుకు ఎనభై మంది, అంతే! ముందురోజు అమ్మే టిక్కెట్లు కొన్ని ఉంటాయి, మన తత్కాల్ లాగా ధర ఎక్కువ. "గుహకు ఇంత బెట్టా!" అని అమ్మ విసుక్కుంది.

రాజధాని వాలెట్టా నుంచి బస్సులో హైపోజియం ఉన్న పావోలా ఎంతో దూరం లేదు. ప్రవేశద్వారం మామూలు వీధిలో, మామూలు ఇళ్ల మధ్యే. 1902లో ఇళ్లకు నీటి తొట్లు తవ్వుతున్న కూలీలకు ఇది బయటపడింది. ఫోన్లు, సంచులు పెట్టెల్లో పెట్టించారు. ఫొటోలు నిషేధం.

కింద మూడు అంతస్తులు. క్రీస్తుపూర్వం 4000 నుంచి 2500 వరకు, లోహమన్నది ఎరుగని మనుషులు రాతి పనిముట్లతో, జంతువుల కొమ్ములతో సున్నపురాయిని తొలిచారు. ఆ కాలంలోనే నేల మీద కట్టిన గుడుల్లో ఉండే స్తంభాలు, వాకిళ్లు, లోపలికి ఒరిగిన కప్పు అన్నీ ఇక్కడ ఏకశిలలోనే చెక్కారు. మన అజంతా శిల్పులు చైత్యాలకు కొయ్య దూలాలను రాతిలో దింపిన తీరు గుర్తొచ్చింది. ఒక గది కప్పు మీద ఎర్రమట్టి రంగుతో చుట్టలు చుట్టలుగా గీతలు. ఇక్కడ దాదాపు ఏడువేల మంది అస్థికలు ఉండేవని అంచనా. అది విన్నాక అమ్మ చెప్పుల చప్పుడు కూడా తగ్గించుకుంది.

మన ఊపిరిలోని తేమే ఆ రంగులకు శత్రువట. 1990లలో ఏళ్ల తరబడి మూసి బాగుచేశారు. బయటికొచ్చాక పదిమంది లెక్క మీద మాకు ఫిర్యాదు లేదు. గంట చాలలేదన్న బాధ మాత్రం ఉంది.

నడిచి వెళ్లే దూరంలో ఆ కాలపు టార్షీన్ గుడులున్నాయి. మధ్యాహ్నం ఎండలో వెళ్లకండి. గోజో దీవిలోని జిగాంతియా గుడులకు ఒక పూర్తి రోజు పెట్టుకోండి, పడవకే అరగంట పడుతుంది.

బస వాలెట్టాలో ఒక పాత ఇంట్లో. సముద్రం కనిపించే గది అన్నారు. కిటికీలోంచి నడుముదాకా వంగితే కనిపించింది. లిఫ్టు లేదు, నాలుగు అంతస్తులు. మోకాళ్లనొప్పులున్న వాళ్లు ముందే అడగాలి.

హైపోజియంలో దొరికిన 'నిద్రించే స్త్రీ' మట్టిబొమ్మ వాలెట్టా పురావస్తు మ్యూజియంలో ఉంది. అరచేతిలో పట్టేంతే. చెయ్యి తలకింద పెట్టుకుని పక్కకు తిరిగి పడుకుంది. అమ్మ చాలాసేపు చూసి, "మీ నాయనమ్మ ఇలాగే పడుకునేది" అంది.