స్వస్థత ప్రార్థనా, టీబీ మాత్రలా?

ఖర్చు: ప్రార్థనకు రూపాయి అక్కర్లేదు. ప్రభుత్వాసుపత్రిలో టీబీ మందులూ ఉచితమే.

శ్రమ: సంఘ పెద్దలు నూనె రాసి ప్రార్థిస్తే ఒక్క సాయంత్రం (బైబిల్లో యాకోబు 5:14). మాత్రలు మామూలుగా 6 నెలలు, వికారం పెట్టినా సొంతంగా మానకూడదు.

ప్రమాదం: అసలు చిక్కు ఇక్కడే. మాత్రలు వేసుకుంటే రెండు నెలలకు దగ్గు తగ్గుతుంది. "స్వస్థత వచ్చింది, సాక్ష్యం చెప్పు" అంటారు. మాత్రలు ఆగిపోతాయి. మిగిలిన క్రిములు మందుకు లొంగకుండా మొండికేస్తాయి, ఇంట్లో పిల్లలకూ అంటుకోవచ్చు. మందు మానమని యాకోబు వాక్యం చెప్పలేదు. బైబిల్లోనే హిజ్కియా రాజు పుండుకు యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద వేయించాడు. 1900లో వేలూరు ఆసుపత్రికి పునాది వేసిన ఐడా స్కడర్ మిషనరీ డాక్టరే.

ఎవరికేది: భయానికి, నిద్రపట్టని రాత్రికి ప్రార్థన. రెండు వారాలు దాటిన దగ్గుకు ముందు కఫం పరీక్ష. పాస్టరుగారిని ఆసుపత్రికే రమ్మనండి.