149 యూరోల వ్యాను 234 అయిన వైనం: రోమ్ ఎయిర్‌పోర్టు నుంచి క్రూజ్ రేవు దాకా

క్రూజ్ టికెట్ మీద "రోమ్" అనే రాసి ఉంటుంది. కానీ ఓడలు ఆగేది రోమ్‌లో కాదు, ఊరికి వాయవ్యంగా 70 కిలోమీటర్ల పైన ఉన్న చివితావెక్కియా అనే రేవులో. ట్రాజన్ చక్రవర్తి కట్టించిన పాత రేవు అది. రోమ్‌కి వచ్చే విమానాలు దిగే ఫ్యుమిచీనో ఎయిర్‌పోర్టు నుంచి కూడా సుమారు 70 కిలోమీటర్లే, ఏ12 మోటార్‌వే మీద గంట ప్రయాణం. ఆ గంట ప్రయాణానికి మా దగ్గర గుంజిన డబ్బు, మాకు పెట్టిన టెన్షన్ తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మనవాళ్ళు చాలామంది అమ్మానాన్నల్నీ అత్తమామల్నీ వెంటబెట్టుకుని ఇదే దారిలో క్రూజ్‌కి వెళ్తున్నారు. అందుకే లెక్కలతో సహా రాస్తున్నాను.

2024 సెప్టెంబరులో హైదరాబాదు నుంచి బయల్దేరాం. నేను, మావారు, ఎనిమిదేళ్ళ పాప, అత్తయ్య, మామయ్య, మా ఆడపడుచు. మామయ్యకి మోకాలి ఆపరేషన్ అయింది. చేతికర్రతో బాగానే నడుస్తారు గానీ ఎత్తు మెట్లంటే కష్టం. పెద్ద సూట్‌కేసులు ఆరు, చేతి సంచులు వేరే. ఓడ కంపెనీవాళ్ళ బస్సుకి మనిషికి 69 యూరోలు, అంటే ఆరుగురికి 414. అది మరీ ఎక్కువనిపించి, ట్రాన్స్‌ఫర్లు బుక్ చేసే ఒక వెబ్‌సైటులో ఎనిమిది సీట్ల వ్యాను 149 యూరోలకి తీసుకున్నాను. మనుషులు 6, పెద్ద బ్యాగులు 6 అని నింపాను. ఫ్లైట్ నంబరు ఇచ్చాను. ఎక్కడ దించాలో అడిగిన చోట క్రూజ్ టెర్మినల్ అని, పక్కనే ఓడ పేరు కూడా రాశాను. వోచర్ మీద అవన్నీ అలాగే అచ్చయి వచ్చాయి. డబ్బు మొత్తం ముందే కట్టించుకున్నారు. అప్పుడు యూరో 93 రూపాయల దగ్గరుంది. కార్డు మీద 3.5 శాతం ఫారెక్స్ చార్జీ కలిపితే 14,300 దాటింది.

పొద్దున్న 7:25కి ఫ్లైట్ దిగింది. పాస్‌పోర్ట్ క్యూ, బ్యాగులు అన్నీ అయ్యి బయటి హాల్లోకి వచ్చేసరికి 8:50. టెర్మినల్ 3లో తలుపులు దాటగానే డ్రైవర్లు పేర్ల బోర్డులు పట్టుకుని వరసగా నిలబడి ఉంటారు. మా పేరు ఒక్క బోర్డు మీదా లేదు. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నడిచి చూశాం. ఈలోగా "టాక్సీ? టాక్సీ?" అంటూ ఇద్దరు ముగ్గురు వెంటపడ్డారు. అలాంటివాళ్ళ మాట అసలు వినొద్దు. అక్కడ లైసెన్సున్న టాక్సీలు తెల్లగా ఉంటాయి, బయట స్టాండులో క్యూలో నిలబడతాయి, లోపలికొచ్చి పిలవరు.

వోచర్ మీదున్న నంబరుకి ఫోన్ చేస్తే "డ్రైవర్ మీ ముందే ఉన్నాడు" అన్నారు. మా ముందు ఎవరూ లేరు. మళ్ళీ చేస్తే లైన్‌లో ఉండమని పాట వినిపించారు. రోమింగ్‌లో ఆ పాటకి కూడా మనమే డబ్బు కట్టాలి. చివరికి 9:10కి ఒకతను తాపీగా వచ్చి ఫోన్ స్క్రీన్ మీద మా ఇంటిపేరు చూపించాడు. ఆలస్యమైందన్న మాట గానీ పలకరింపు గానీ లేదు. వెయిటింగ్ చార్జి 25 యూరోలు అన్నాడు. ఫ్లైట్ దిగినప్పటి నుంచి 45 నిమిషాలే ఉచితమట. "మేం వచ్చి ఇరవై నిమిషాలైంది, నువ్వే ఇక్కడ లేవు కదా" అని మావారు ఇంగ్లీషులో గట్టిగానే అడిగారు. పార్కింగులో ఉన్నానని, పార్కింగుకి కూడా డబ్బు అవుతుందని జవాబు.

సరేనని కారు దగ్గరికి వెళ్తే అసలు సంగతి బయటపడింది. వచ్చింది వ్యాను కాదు. వెనక మూడో వరస మడత సీట్లు ఉన్న ఏడు సీట్ల కారు. ఆరుగురం కూర్చుంటే ఆ వరస విప్పక తప్పదు, విప్పితే డిక్కీలో రెండు సూట్‌కేసులకి మించి చోటు లేదు. అతను మూడోది నిలబెట్టి, పడుకోబెట్టి, మోకాలితో నెట్టి చూశాడు. తలుపు పడలేదు. మిగతావి ఒళ్ళో పెట్టుకోమన్నాడు. ఒక్కోటి ఇరవై కిలోల పైన బరువున్న పెట్టెలు!

మామయ్య స్తంభానికి ఆనుకుని కర్ర మీద రెండు చేతులూ పెట్టి నిలబడ్డారు. ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన నోరు మెదపలేదంటే నొప్పి ఎక్కువగా ఉందని ఇంట్లో అందరికీ తెలుసు. అత్తయ్యకి మాత్రం కోపం ఆగలేదు. "అమ్మాయ్, కాయితం మీద రాసిచ్చారు కదా, వాడి మొహాన పెట్టి చూపించు" అన్నారు. చూపించాను. ఆరు పెద్ద బ్యాగులు అన్న లైన్ మీద వేలు పెట్టి మరీ చూపించాను. అతను ఎవరితోనో ఫోన్లో చాలాసేపు మాట్లాడి, మీ సామాను "ఓవర్‌సైజ్" కాబట్టి పెద్ద వ్యానుకి ఇంకో 60 యూరోలు అవుతుందన్నాడు. అవి మన దగ్గర ఏ షాపులోనైనా దొరికే 28 అంగుళాల పెట్టెలే. పైగా మేం బుక్ చేసిందే ఆ పెద్ద వ్యాను.

ఓడ సాయంత్రం అయిదింటికి. టైముంది గానీ, మామయ్యని ఇంకా నిలబెట్టి వాదించే ఓపిక ఎవరికీ లేదు. వెయిటింగ్ 25, వ్యానుకి 60, రెండూ కలిపి 85 యూరోలు నగదు ఇచ్చాం. మొత్తం 234. రసీదు రాసిస్తే తప్ప కదలమని మావారు పట్టుబడితే, చిన్న కాయితం మీద గెలికిచ్చాడు. నేను డిక్కీ తెరిచి ఉన్న కారుకి నంబర్ ప్లేటుతో సహా ఫోటో తీసుకున్నాను. వ్యాను వచ్చేసరికి పది దాటింది. దారిలో ఎడమవైపు మధ్యమధ్యలో సముద్రం, గొడుగులు విప్పినట్టుండే పైన్ చెట్లు. ఎవరూ చూసే మూడ్‌లో లేరు. పాప నిద్రపోయింది, మా ఆడపడుచు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది.

అక్కడికైనా వదిలారా అంటే, లేదు. రేవు బయట లార్గో దెల్లా పాచే అనే చోట వ్యాను ఆపి సామాను దించడం మొదలుపెట్టాడు ఈ రెండో డ్రైవరు. ఓడ ఏదంటే "షటిల్ బస్, ఫ్రీ" అని చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. అక్కడి నుంచి ఒక్కో ఓడ దగ్గరికీ రేవు బస్సులు ఉచితంగా నడుస్తాయి, నిజమే. రైల్లో వచ్చేవాళ్ళకి ఆ ఏర్పాటు బాగుంటుంది. బస్సు దగ్గర యూనిఫాంలో ఉన్న అమ్మాయి మామయ్యని చూడగానే పరుగున వచ్చి, చెయ్యి అందించి, ముందు సీట్లో కూర్చోబెట్టింది. రేవువాళ్ళని నేను ఒక్క మాట అనను. కానీ మేం డబ్బు కట్టింది ఓడ దగ్గర దింపడానికి. బస్సు లోపలికి వెళ్ళాక చూస్తే, మా ఓడ ముందే నల్ల వ్యాన్లు వరసగా ఆగి జనాన్ని దింపుతున్నాయి. అది చూశాక కడుపు రగిలిపోయింది. ఆ లోపలి దాకా వెళ్ళడానికి మా డ్రైవర్‌కి బద్ధకమో, అనుమతే లేదో!

ఓడ మీద రోజులు హాయిగా గడిచాయి. శాకాహారం దొరికింది, మామయ్య డెక్ మీద కుర్చీ వదల్లేదు.

భోజనాల దగ్గర డాలస్ నుంచి వచ్చిన మన తెలుగు కుటుంబం ఒకటి పరిచయమైంది. మా గోడు విని, వాళ్ళు వచ్చిన వ్యాను తాలూకు వాట్సాప్ నంబరు ఇచ్చారు. చివితావెక్కియాలోనే ఉండి వ్యాను నడిపే ఆయనది. తిరుగు ప్రయాణానికి ఆయనకే మెసేజ్ పెట్టాను. మొదట అడిగిన ప్రశ్న: పెద్ద పెట్టెలు ఎన్ని, ఎవరికైనా నడక కష్టమా? తర్వాత వ్యాను వెనక భాగం ఫోటో పంపాడు. ధర రోమ్‌లో తెర్మిని స్టేషన్ దగ్గరున్న మా హోటల్ దాకా 160 యూరోలు, టోల్‌తో సహా. అడ్వాన్సు అక్కర్లేదు, దిగాక నగదైనా కార్డైనా ఇవ్వొచ్చు. ఓడ పేరు చెప్తే ఏ బెర్తులో ఆగుతుందో తనే చూసుకుంటానన్నాడు.

పొద్దున్న ఎనిమిదింటికి టెర్మినల్ తలుపు దాటగానే మా పేరు పెద్దక్షరాలతో బోర్డు. అరవై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా. సామాను కంటే ముందు సీటు కింది నుంచి ఒక చిన్న మడత పీట తీసి, వ్యాను తలుపు దగ్గర వేసి, అది కదలకుండా కాలితో తొక్కిపట్టి, మామయ్యకి భుజం అందించాడు. మామయ్య ఎవరి సాయమూ అడక్కుండా రెండడుగుల్లో ఎక్కేశారు. కూర్చున్నాక నా వైపు తిరిగి "ఇతని నంబరు దాచి ఉంచమ్మా" అన్నారు. రోమ్‌లో దిగినప్పటి నుంచీ ఆయన నోట వచ్చిన మొదటి మెచ్చుకోలు అదే.

తొందర లేదంటే మోటార్‌వే కాకుండా సముద్రం పక్కనుంచి పోయే పాత ఆరేలియా రోడ్డు మీద తీసుకెళ్తానన్నాడు, అదనంగా ఏమీ వద్దన్నాడు. శాంత సెవేరా దగ్గర అలలకి ఆనుకుని ఉన్న కోట చూపించాడు. దారిలో ఒక బేకరీ దగ్గర ఆపి "పిట్జా బియాంకా" తినమన్నాడు. చీజు, టమాటా ఏమీ ఉండవు. ఆలివ్ నూనె, ఉప్పు రాసి కాల్చిన పొంగు రొట్టె. కత్తెరతో ముక్క కోసి, తూకం వేసి ఇస్తారు. మా అందరికీ కలిపి ఏడు యూరోలు అయింది. అత్తయ్య సంచిలోంచి కందిపొడి డబ్బా తీసి, వేడి ముక్క విడదీసి మధ్యలో చల్లారు. అబ్బ, ఆ నూనెకి కందిపొడి పట్టి ఎంత బాగుందో! డ్రైవర్‌కి కూడా ఒక ముక్క పెట్టారు. ఆయన తిని, ఇంకో ముక్కకి చెయ్యి చాపాడు. ఇటలీలో మేం తిన్నవాటిలో అదే నాకు అన్నిటికంటే నచ్చింది. హోటల్ దగ్గర దిగాక సరిగ్గా 160 తీసుకుని, అడక్కుండానే రసీదు ఇచ్చాడు.

రోమ్‌లో ఒక ఖర్చు మాత్రం ముందే లెక్కలో వేసుకోండి. హోటల్ అద్దె కాకుండా సిటీ టాక్స్ విడిగా కట్టాలి. త్రీస్టార్‌లో మనిషికి రాత్రికి 6 యూరోలు, పదేళ్ళలోపు పిల్లలకి లేదు.

ఇంటికొచ్చాక ఆ వెబ్‌సైటుకి వోచర్, ఫోటో, రసీదు అన్నీ పంపాను. వెయిటింగ్ చార్జి మా షరతుల ప్రకారమేనన్నారు. ఆ 60 యూరోలు మీకూ డ్రైవర్‌కీ మధ్య విషయమన్నారు. మళ్ళీ బుక్ చేసుకుంటే వాడుకోమని 15 శాతం తగ్గింపు కూపన్ పంపారు. నగదు ఇచ్చాం కాబట్టి బ్యాంకువాళ్ళు కూడా ఏమీ చేయలేమన్నారు.

ఇప్పుడు ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇది. ఇద్దరే ఉండి, చేత్తో లాక్కెళ్ళే బ్యాగులైతే కారు దండగ, రైలెక్కండి. ఎయిర్‌పోర్టులో ఎఫ్ఎల్1 లోకల్ ఎక్కి త్రాస్తెవెరెలో దిగి, చివితావెక్కియా వెళ్ళే ఎఫ్ఎల్5కి మారాలి. మొదటిదానికి 8 యూరోలు, రెండోదానికి ఐదు యూరోల చుట్టుపక్కల. కాయితం టికెట్ అయితే ఎక్కే ముందు ప్లాట్‌ఫాం దగ్గర మిషన్‌లో స్టాంపు వేయించాలి, లేకపోతే జరిమానా. ఇటలీలో రైల్వే సమ్మెలు తరచూ జరుగుతాయి, ముందురోజు వార్తలు చూసుకోండి. సమ్మె ఉన్నా పనిదినాల్లో ఉదయం 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య కొన్ని లోకల్ రైళ్ళు నడుస్తాయి.

పెద్దవాళ్ళుంటే మాత్రం రైలు జోలికి పోవద్దు. మధ్యలో ఉండే వెబ్‌సైట్ల కంటే రేవు ఊళ్ళోనే వ్యాను నడిపేవాళ్ళు నయం. వాళ్ళకి రేపు కూడా అదే రేవు దగ్గర బోర్డు పట్టుకుని నిలబడాలి. ఎవరిని మాట్లాడుకున్నా వాట్సాప్‌లో రాతపూర్వకంగా ఒప్పించుకోండి: ఏ మోడల్ బండి, ఎన్ని పెట్టెలు, ఓడ దగ్గరే దింపుతారా, వెయిటింగ్ లెక్క ఎప్పటి నుంచి మొదలవుతుంది, టోల్ కలిసిందా. ఫ్లైట్ దిగాక 60 నిమిషాల కంటే తక్కువ ఇచ్చేవాళ్ళని వదిలెయ్యండి. మన పాస్‌పోర్టులతో ఇమ్మిగ్రేషన్‌కే ముప్పావుగంట పట్టొచ్చు. డబ్బు మొత్తం ముందే అడిగేవాళ్ళకి అసలే వద్దు.

చివరిరోజు హోటల్ నుంచి ఎయిర్‌పోర్టుకి కూడా ఆ పెద్దాయననే పిలిచాం, 80 యూరోలు. తెల్ల టాక్సీకి రోమ్ నడిబొడ్డు నుంచి ఫ్యుమిచీనోకి 55 యూరోల ఫిక్స్‌డ్ రేటు ఉంది. కానీ ఆరుగురికి, అంత సామానుకి రెండు టాక్సీలు కావాలి, అంటే 110. నలుగురి లోపు ఉంటే టాక్సీయే చవక, నలుగురు దాటితే వ్యాను మాట్లాడుకోండి.