విజయవాడ పటమటలో ఒక కాలనీ కమ్యూనిటీ హాలు: వీల్‌చెయిర్‌లో వెళ్లేవారి కోణంలో ఐదుకు రెండు మార్కులు

హాలు విశాలంగా ఉంది, గాలీ వెలుతురూ బాగున్నాయి, యోగా, సంగీతం క్లాసులు ఉచితం. ఇబ్బందంతా గుమ్మం దగ్గరే. అరుగు ఎత్తు 45 సెంటీమీటర్లు, ర్యాంపు పొడవు 2 మీటర్లు. వీల్‌చెయిర్‌కు తగిన 1:12 వాలు (ఒక వంతు ఎత్తుకు పన్నెండు వంతుల పొడవు) రావాలంటే 5.4 మీటర్లు కావాలి. ఇప్పుడున్నది ర్యాంపు కాదు, జారుడుబల్ల. ఎక్కేటప్పుడు ముందు చక్రాలు లేస్తాయి, దిగేటప్పుడు మనిషి ముందుకు తూలతాడు. పైగా నున్నటి టైల్స్ వేశారు. వాన పడితే ఇక చెప్పనక్కర్లేదు.

గేటు దాకా అంత చోటు లేదని కమిటీ మాట. గోడ వారగా 2.7 మీటర్ల చొప్పున రెండు వాలులు, మలుపులో 1.5 మీటర్ల చదును, రెండు పక్కలా రెయిలింగ్ పెడితే సరిపోతుంది. టైల్స్ బదులు గరుకు సిమెంటు చాలు, చవక కూడా.

"ఖర్చు మోయలేం, ర్యాంపు కడితే సంగీతం క్లాసు ఆపాలి" అన్న వాదన మాత్రం సగమే నిజం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో మోయలేని భారం అన్న మినహాయింపు ఒక వ్యక్తి కోసం చేసే సర్దుబాటుకు సంబంధించినది. ప్రతి క్లాసుకూ సైగల భాష దుబాసీని పెట్టలేకపోతే ఆ మినహాయింపును అడ్డం పెట్టుకోవచ్చు. ర్యాంపు సంగతి వేరు. జనం వాడే పాత భవనాలకు ఆ చట్టం వేరే సెక్షన్‌లో ఐదేళ్ల గడువు పెట్టింది. 2017 నిబంధనల నుంచి లెక్కేస్తే అదీ దాటిపోయింది.

పైసా ఖర్చులేని పని ఒకటుంది: మేడ మీది కంప్యూటర్ క్లాసును కిందికి దించడం. టాయిలెట్ తలుపు బయటికి తెరుచుకునేలా తిప్పడానికి వడ్రంగి కూలీ చాలు.